ఎంత కలపాలి? బట్టలకు తెలుపు నేర్పిన బెర్తొలే కథ

స్కూల్ కెమిస్ట్రీ ల్యాబ్‌లో చాలా తేలిగ్గా చేయించే ప్రయోగం ఒకటుంది. ఒకే నీలం రంగు బట్టని నాలుగు ముక్కలు కత్తిరిస్తారు. నాలుగు గ్లాసులు పెడతారు. మొదటి గ్లాసులో ఉత్త నీళ్లు. రెండో దాంట్లో కొంచెం బ్లీచ్, మూడో దాంట్లో ఇంకొంచెం, నాలుగో దాంట్లో బాగా ఘాటుగా. ముక్కలన్నీ ఒకేసారి వేసి, ఒకే టైం ఉంచి, తీసి కడిగి ఆరబెట్టి పక్కపక్కన పెట్టి చూస్తారు. బ్లీచ్ గాఢత పెరిగేకొద్దీ రంగు ఎక్కువగా పోతుంది. రికార్డ్ బుక్‌లో ఒక టేబుల్, ఒక గ్రాఫ్, రెండు లైన్ల కన్‌క్లూజన్. అయిపోయింది.

ఇందులో కొత్తగా తెలుసుకునేది ఏముంది అనిపిస్తుంది కదా. కానీ రెండువందల ముప్ఫై ఏళ్ల కిందట ఈ గ్లాసుల్లో ఎంత కలపాలి అన్న ప్రశ్నకి జవాబు ఎవరికీ తెలీదు. తెలీక బట్టలు చిరిగిపోయాయి, డబ్బులు పోయాయి. ఆ ప్రశ్నని మొదట గట్టిగా పట్టుకున్నవాడు క్లోద్ లూయీ బెర్తొలే అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త. ఆయన జీవితం చదువుతుంటే నాకు ఒక విషయం అర్థమైంది. ఎంత అన్న ఈ ఒక్క మాటే ఆయన్ని గెలిపించింది, అదే మాట ఆయన్ని ఓడించింది కూడా. అందుకే ఈ నెల మన మ్యాగజైన్ కోసం ఆయన గురించి రాస్తున్నాను.

డాక్టర్ కావాలనుకుని వచ్చి

బెర్తొలే 1748 డిసెంబర్ 9న తల్వార్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. ఆల్ప్స్ కొండల దగ్గర, ఆనెసీ సరస్సు ఒడ్డున ఉంటుంది ఆ ఊరు. ఇప్పుడది ఫ్రాన్స్‌లో ఉంది కానీ అప్పట్లో సవోయ్ అనే వేరే రాజ్యం. అంటే పుట్టుకతో ఆయన ఫ్రెంచ్ వాడు కూడా కాదన్నమాట. షాంబెరీలో, తర్వాత ఇటలీలోని ట్యూరిన్‌లో చదివి మెడిసిన్ డిగ్రీ తెచ్చుకున్నాడు.

1772లో పారిస్ వచ్చాడు. చేతిలో డిగ్రీ ఉంది, తెలిసినవాళ్లు లేరు. మన దగ్గర చదువు అయ్యాక బెంగళూరో హైదరాబాదో బస్సెక్కే కుర్రాళ్ల పరిస్థితే. అప్పటికి ట్రాంషాఁ అనే పేరున్న డాక్టర్ ఓర్లియాఁ ప్రభువు దగ్గర ఉండేవాడు. ఆయన సాయంతో బెర్తొలే ఆ ప్రభువు ఇంటి వైద్యుల్లో ఒకడయ్యాడు. ఉద్యోగం కన్నా పెద్ద లాభం ఇంకోటి దొరికింది. ఆ ప్రభువుల భవనం పాలే రొయాల్‌లో ప్రయోగాలు చేసుకోవడానికి ల్యాబ్ దొరికింది. పొద్దున పేషెంట్లు, మిగతా టైం గ్యాసులు, ఆమ్లాలు. మెల్లగా వైద్యం వెనక్కి పోయి కెమిస్ట్రీ ముందుకొచ్చింది. 1780లో ఫ్రెంచ్ సైన్స్ అకాడమీ సభ్యుడయ్యాడు. అప్పటికి ఆయన వయసు 31.

ఆ రోజుల్లో కెమిస్ట్రీలో పెద్ద గొడవ నడుస్తోంది. వస్తువు కాలితే దానిలోంచి ఫ్లాజిస్టాన్ అనేది బయటికి పోతుందని పాతవాళ్లు నమ్మేవాళ్లు. కాదు, గాలిలోని ఆక్సిజన్ వచ్చి కలుస్తుందని లావోయిజియే చెప్పాడు. బెర్తొలే మొదట పాత వైపే ఉన్నాడు. తన సొంత ప్రయోగాలు తనకే ఎదురు తిరుగుతుంటే 1785లో అందరి ముందూ లావోయిజియే వైపుకి వచ్చాడు. పేరున్న కెమిస్టుల్లో అలా బహిరంగంగా మారిన మొదటివాళ్లలో ఆయన ఒకడు. రెండేళ్ల తర్వాత లావోయిజియే, గీతోఁ ద మొర్వో, ఫుర్‌క్రువాలతో కలిసి రసాయనాలకి కొత్త పేర్లు పెట్టే పద్ధతి తయారుచేశాడు. మనం ఇంటర్‌లో బట్టీపట్టిన సల్ఫేట్, సల్ఫైట్, సల్ఫైడ్ లాంటి పేర్ల పద్ధతికి మూలం అదే.

పచ్చిక మీద నెలల తరబడి

ఇక అసలు కథ. 1784లో బెర్తొలేకి ప్రభుత్వం ఒక ఉద్యోగం ఇచ్చింది. దేశంలోని రంగుల అద్దకం పనులను పర్యవేక్షించడం. పారిస్‌లో గొబ్లాఁ అనే పేరున్న రాజుగారి కార్ఖానా కూడా అందులోకి వస్తుంది. అలా ఒక డాక్టర్ బట్టల ప్రపంచంలోకి వచ్చి పడ్డాడు.

అప్పట్లో నూలు, నార బట్టల్ని తెల్లగా చేయడం ఎంత పనో తెలిస్తే ఆశ్చర్యం వేస్తుంది. మగ్గం మీంచి దిగిన బట్ట తెల్లగా ఉండదు, మట్టి రంగులో, పసుపుగా ఉంటుంది. దాన్ని బూడిద నీళ్లలో మరిగించాలి. తీసుకెళ్లి పచ్చిక మీద పరచాలి. ఎండా, మంచూ, గాలీ తగిలేలా రోజుల తరబడి వదిలేయాలి, మధ్యమధ్యలో నీళ్లు చల్లాలి. తర్వాత పుల్ల మజ్జిగలో నానబెట్టాలి. మళ్లీ బూడిద నీళ్లు, మళ్లీ పచ్చిక. ఇలా తిప్పి తిప్పి చేస్తే కొన్ని నెలలకి తెలుపు వస్తుంది. మజ్జిగ బదులు పల్చటి సల్ఫ్యూరిక్ ఆసిడ్ వాడడం మొదలయ్యాక కొంత టైం తగ్గింది, కానీ పచ్చిక మాత్రం తప్పలేదు. యూరప్ చలికాలంలో ఎండ ఉండదు కాబట్టి పని ఆగిపోయేది. మంచి పొలాలు బట్టల కింద పడి ఉండేవి.

మన చాకిరేవు పద్ధతిని తెలిసినవాళ్లకి ఇది కొత్తగా అనిపించదు. చౌడు మట్టి కలిపిన నీళ్లలో బట్టలు తడిపి, బానలో ఉడకబెట్టి, బండ మీద ఉతికి, ఎండలో ఆరేసేవాళ్లు. క్షారం, వేడి, ఎండ. మన దగ్గర ఎండకి కరువు లేదు, అంతే తేడా.

ఇదే టైంలో బెర్తొలే ఒక గ్యాస్ మీద పనిచేస్తున్నాడు. ఆకుపచ్చ, పసుపు కలిసిన రంగు, ఊపిరాడనివ్వని వాసన. 1774లో స్వీడన్‌లో షీలె దాన్ని మొదట తయారుచేశాడు. అది తగిలితే పూలు, ఆకులు, లిట్మస్ రంగు పోగొట్టుకుంటాయని కూడా షీలె గమనించాడు. మనం ఇప్పుడు దాన్ని క్లోరిన్ అంటాం. షీలె చూసి వదిలేసిన చోట బెర్తొలే ఆగిపోయాడు. మొక్కల రంగు పోతుంటే, బట్టలో ఉండే ఆ పసుపు కూడా మొక్క నుంచి వచ్చినదే కదా, అది మాత్రం ఎందుకు పోదు? పచ్చిక మీద గాలీ ఎండా నెలలు పట్టి చేసే పనిని ఈ గ్యాస్ నీళ్లు గంటల్లో చేయగలవేమో. 1785 నుంచి ఆ ప్రయోగాలు మొదలుపెట్టాడు.

ఘాటు ఎక్కువైతే

గ్యాస్‌ని నీళ్లలో కరిగించి అందులో బట్ట ముంచాడు. మొదట సహజంగానే అందరూ చేసే పనే చేశాడు. ఎంత ఘాటుగా ఉంటే అంత బాగా పనిచేస్తుంది అనుకుని బాగా గాఢమైన ద్రావణం వాడాడు. బట్ట చకచకా తెల్లబడింది. కానీ పట్టుకుని లాగితే బలం లేదు. రంగుతో పాటు బట్ట ప్రాణం కూడా పోయింది.

సరే అని నీళ్లు కలిపి పల్చగా చేశాడు. ఈసారి బట్ట బాగానే ఉంది, తెలుపు కూడా వచ్చింది. కానీ కొన్నాళ్లు ఉంచినా, క్షారపు నీళ్లలో వేడిచేసినా మళ్లీ పసుపు తిరిగొచ్చింది. ఒక బగ్ ఫిక్స్ చేస్తే ఇంకో బగ్ బయటపడినట్టు.

ఇక్కడ ఆయన చేసిన పని నాకు చాలా నచ్చింది. పాత పద్ధతి పనికిరానిదని తీసి పారేయలేదు. వెనక్కి వెళ్లి, పచ్చిక పనివాళ్లు ఎందుకు ఒకేసారి పూర్తిచేయకుండా ఒకసారి క్షారం, ఒకసారి ఎండ, మళ్లీ క్షారం అని తిప్పి తిప్పి చేస్తారో ఆలోచించాడు. గాలీ ఎండా రంగు పదార్థాన్ని మారుస్తాయి, మారిన దాన్ని క్షారం కరిగించి బయటికి లాగేస్తుంది, దాని కింద ఇంకా రంగు ఉంటుంది, మళ్లీ మొదటి నుంచి. మరి క్లోరిన్ నీళ్లు కూడా ఆ ఎండ చోటులో పెడితే? పల్చటి క్లోరిన్ నీళ్లు, తర్వాత క్షారం, మళ్లీ పల్చటి క్లోరిన్ నీళ్లు, మళ్లీ క్షారం. ఈసారి తెలుపు నిలబడింది. బట్టా నిలబడింది.

ఇప్పటి కెమిస్ట్రీతో చెప్పాలంటే, బ్లీచ్‌కి రంగు ఏది, దారం ఏది అన్న తేడా తెలీదు. అది ఆక్సిడైజ్ చేస్తుంది, అంతే. రంగు అణువుల్లో వరసగా ఉండే డబుల్ బాండ్స్ వల్ల మనకి రంగు కనిపిస్తుంది. బ్లీచ్ ఆ వరసని తెంపేస్తుంది, రంగు పోతుంది. ఉదాహరణకి నీలిమందు అణువు తెగితే వచ్చేది లేత పసుపు పదార్థం. అదే బ్లీచ్ ఘాటు పెరిగినా, టైం పెరిగినా నూలులోని సెల్యులోజ్ గొలుసుల్ని కూడా తెంపడం మొదలుపెడుతుంది. రంగు త్వరగా తెగుతుంది, దారం కాస్త ఆలస్యంగా తెగుతుంది. ఆ రెండింటికీ మధ్య ఉన్న ఖాళీలోనే మొత్తం బ్లీచింగ్ పరిశ్రమ బతుకుతోంది.

పేటెంట్ వద్దన్నాడు

1786 చివర్లో జేమ్స్ వాట్ పారిస్ వచ్చాడు. అవును, స్టీమ్ ఇంజన్ వాటే. బెర్తొలే తన పద్ధతి ఆయనకి దాచకుండా చూపించాడు. వాట్ మామగారికి గ్లాస్గో దగ్గర బట్టలు తెల్లబరిచే వ్యాపారం ఉంది, కాబట్టి విషయం వెంటనే స్కాట్లాండ్ చేరిపోయింది. దీన్ని హక్కుగా పట్టుకుంటే ఇంగ్లండ్‌లో చాలా డబ్బు వస్తుందని వాట్‌కి తెలుసు. బెర్తొలే మాత్రం ఆసక్తి చూపించలేదు. 1789లో మొత్తం పద్ధతిని, పాత్రలు ఎలా కట్టాలి, ఎంత కలపాలి, ఎక్కడ జాగ్రత్తపడాలి అన్నీ వివరంగా రాసి ప్రచురించేశాడు. అది వచ్చింది అదే ఏడాది లావోయిజియే, ఆయనా, ఇంకొంతమంది కలిసి మొదలుపెట్టిన కెమిస్ట్రీ పత్రికలో. మన భాషలో చెప్పాలంటే డాక్యుమెంటేషన్‌తో సహా ఓపెన్ సోర్స్ చేసేశాడు.

ఓపెన్ సోర్స్‌కి ఏం జరుగుతుందో మనకి తెలుసు, అదే జరిగింది. పారిస్ శివార్లలో జవెల్ అనే చోట ఒక రసాయనాల ఫ్యాక్టరీ ఉండేది. అక్కడివాళ్లు బెర్తొలే దగ్గర పద్ధతి తెలుసుకుని, క్లోరిన్‌ని ఉత్త నీళ్లలో కాకుండా పొటాష్ కలిపిన నీళ్లలోకి పంపించి, సొంత పేరుతో అమ్మారు. జవెల్ నీళ్లు అన్న పేరు ఫ్రాన్స్‌లో ఇప్పటికీ బ్లీచ్‌కి వాడతారు. క్షారం కలపడం వల్ల ఆ ఊపిరాడనివ్వని వాసన తగ్గింది, పనివాళ్లకి కాస్త తెరిపి దొరికింది. తర్వాత 1799లో స్కాట్లాండ్‌లో చార్ల్స్ టెనంట్ క్లోరిన్‌ని పొడి సున్నంలోకి ఎక్కించి బ్లీచింగ్ పౌడర్ తయారుచేసి పేటెంట్ తీసుకున్నాడు, బాగా సంపాదించాడు. వానాకాలంలో మన ఊళ్లలో బావుల్లో, కాలవల పక్కన చల్లే తెల్ల పొడి అదే.

బెర్తొలేకి దక్కింది ఏమిటి? ఆ రోజుల్లో ఫ్రాన్స్‌లో బట్టని ఈ పద్ధతిలో తెల్లబరచడాన్ని ఆయన పేరుతో ఒక క్రియగా వాడేవాళ్లు. మనం గూగుల్ చేశాను అన్నట్టు, వాళ్లు బట్టని బెర్తొలే చేశాను అనేవాళ్లు. డబ్బు కాదు, ఒక క్రియాపదం దక్కింది.

నీలిమందుతో కొలత

పద్ధతి అందరికీ వెళ్లింది కానీ ఒక చిక్కు మిగిలిపోయింది. క్లోరిన్ నీళ్లు ఈ రోజు ఉన్నంత ఘాటుగా రేపు ఉండవు. గ్యాస్ మెల్లగా పోతుంది, వెలుతురు తగిలితే పాడవుతుంది. ఒక తొట్టిలో తయారైనదానికీ ఇంకో తొట్టిలో తయారైనదానికీ పోలిక ఉండదు. చూస్తే రెండూ నీళ్లలానే ఉంటాయి. పల్చటిది అనుకుని ముంచితే బట్ట గుల్ల, ఘాటు అనుకుని ముంచితే పని జరగదు. చిన్న వ్యాపారి ఒక్క తొట్టి బట్ట పాడుచేసుకుంటే అప్పుల్లో పడతాడు. అంటే ఘాటు కొలవడం తెలీకపోతే ఈ కనిపెట్టడం అంతా దండగే.

దీనికి దారి రంగులోనే దొరికింది. నీలిమందుని సల్ఫ్యూరిక్ ఆసిడ్‌లో కరిగించి, నీళ్లు కలిపి ఒకే గాఢత గల నీలం ద్రావణం తయారుచేసుకోవాలి. బ్లీచ్ నీళ్లు ఒక కొలత తీసుకుని, ఎన్ని కొలతల నీలాన్ని అది పోగొడుతుందో చూడాలి. ఎక్కువ నీలం పోగొడితే ఘాటు ఎక్కువ. రూఆఁ అనే నూలు బట్టల ఊళ్లో దెక్రువాజీ అనే ఫార్మసిస్ట్ దీనికోసం గీతలు గీసిన గాజు గొట్టం తయారుచేసి, 1795లో వివరాలు ప్రచురించాడు. దానికి ఆయన పెట్టిన పేరు బెర్తొలీమీటర్. ల్యాబ్‌లో మనం బ్యూరెట్ పట్టుకుని చుక్కచుక్కా వదులుతూ టైట్రేషన్ చేస్తాం కదా, ఆ పనికి మొదటి రూపాల్లో ఇది ఒకటి.

ఇందులో మన ప్రాంతానికి కూడా చిన్న చుట్టరికం ఉంది. ఇండిగో అన్న పేరులోనే ఇండియా ఉంది. కడప, నెల్లూరు వైపు పొలాల్లో పందొమ్మిదో శతాబ్దంలో నీలిమందు బాగా పండించి ఓడల మీద పంపేవాళ్లు. ఇప్పుడు మనం వేసుకునే జీన్స్ నీలం కూడా అదే అణువు, కాకపోతే ఫ్యాక్టరీలో తయారైంది.

గమనించారా, స్కూల్ ప్రయోగంలో మనం చేసేది ఇదే, కాస్త తిరగేసి. వాళ్లు రంగు చూసి బ్లీచ్ ఘాటు కనుక్కున్నారు. మనం బ్లీచ్ ఘాటు మార్చి రంగు చూస్తాం.

పేలుడు, విప్లవం, ఒక గ్లాసు బ్రాందీ

క్లోరిన్‌తో ఆడుకుంటూ బెర్తొలే ఇంకో పదార్థం కూడా కనిపెట్టాడు. పొటాషియం క్లోరేట్. తుపాకీ మందులో సూరేకారం బదులు ఇది వాడితే బలం పెరుగుతుందని ఆశపడ్డారు. 1788 అక్టోబర్ 27న ఎసోన్ అనే చోట తుపాకీ మందు కార్ఖానాలో దాన్ని తయారుచేసి చూస్తుండగా పేలిపోయింది. బెర్తొలే, లావోయిజియే, ఆయన భార్య అక్కడే ఉన్నారు. వాళ్లు కాస్త దూరంగా ఉన్నారు కాబట్టి బతికారు. దగ్గరున్న ఇద్దరు చనిపోయారు. బట్టని తెల్లబరిచే శక్తీ, మనిషిని చంపే శక్తీ ఒకే చోటు నుంచి వచ్చాయి.

మరుసటి ఏడాది ఫ్రెంచ్ విప్లవం. తర్వాతి సంవత్సరాల్లో తలలు తెగడం మొదలైంది. 1794 మే 8న లావోయిజియేని గిలటిన్ ఎక్కించారు. బెర్తొలే బతికి బయటపడ్డాడు. ఆ రోజుల గురించి ఒక కథ చెప్తారు. సైనికులకి పంపిన బ్రాందీలో విషం కలిసిందని అధికారులకి అనుమానం వచ్చింది. విషం ఉందని తేలితే సరఫరా చేసినవాళ్ల ప్రాణాలు పోతాయి. బెర్తొలేని పరీక్ష చేయమన్నారు. ఆయన చేసి విషం లేదని రాసిచ్చాడు. రొబెస్పియర్‌కి ఆ రిపోర్ట్ నచ్చలేదు, నిలదీశాడు. బెర్తొలే మాట్లాడకుండా ఆ బ్రాందీనే వడగట్టి ఒక గ్లాసు నిండా తాగేశాడట. ఇందులో ఎంత భాగం కథో తెలుసుకునే వీలు నాకు లేదు కానీ, ఆ కాలంలో ల్యాబ్ రిజల్ట్‌ని మార్చకుండా ఉండడానికి ఎంత ధైర్యం కావాలో మాత్రం దీన్నిబట్టి అర్థమవుతుంది.

విప్లవం తర్వాత కొత్తగా పెట్టిన ఎకోల్ పాలిటెక్నిక్ అనే ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పాడు. పాఠం చెప్పడంలో మాత్రం ఆయనకి మంచి పేరు రాలేదు. విద్యార్థులకి అన్నీ ముందే తెలుసు అన్నట్టు చెప్పుకుపోయేవాడట. అలాంటి సార్లు అప్పుడు కూడా ఉన్నారన్నమాట.

ఈజిప్ట్ సరస్సుల ఒడ్డున

1798లో నెపోలియన్ ఈజిప్ట్ మీదకి దండెత్తుతూ సైన్యంతో పాటు శాస్త్రవేత్తల్ని కూడా తీసుకెళ్లాడు. వాళ్లని ఎంపికచేసిన పెద్దల్లో బెర్తొలే, ఆయన స్నేహితుడు, గణిత శాస్త్రవేత్త మోంజ్ ముఖ్యులు. ఈ ఇద్దరూ ఎంత కలిసి తిరిగేవాళ్లంటే, సైనికుల్లో కొందరు ఈ రెండు పేర్లూ ఒకే మనిషివి అనుకునేవాళ్లని చెప్పుకుంటారు. నైలు నది మీద పడవలో ఉండగా శత్రువులు కాల్పులు జరిపినప్పుడు బెర్తొలే జేబుల్లో రాళ్లు నింపుకున్నాడని ఇంకో కథ. వాళ్లకి చిక్కేకంటే త్వరగా మునిగిపోవడం మేలు అని.

ఆయనకి ఈజిప్ట్‌లో దొరికింది యుద్ధం కాదు, ఒక సరస్సు. 1799 ఆరంభంలో కైరోకి వాయవ్యంగా ఉన్న నేట్రన్ సరస్సుల దగ్గరికి వెళ్లాడు. వాటి ఒడ్డున తెల్లగా పొరలు పొరలుగా సోడియం కార్బొనేట్ పేరుకుపోయి ఉంది. మన చౌడు నేలల మీద వేసవిలో తెల్లగా పొంగే దానిలో కూడా ముఖ్యంగా ఉండే ఉప్పు ఇదే, చాకలివాళ్లకి పనికొచ్చింది అందుకే.

బెర్తొలేని ఆపేసిన విషయం ఏమిటంటే, ల్యాబ్‌లో ఈ చర్య వెనక్కి జరుగుతుంది. సోడియం కార్బొనేట్‌నీ కాల్షియం క్లోరైడ్‌నీ కలిపితే సున్నపురాయి, మామూలు ఉప్పు వస్తాయి. అప్పటి పుస్తకాల లెక్క ప్రకారం ఏ పదార్థానికి ఏదంటే ఇష్టమో ముందే నిర్ణయమై ఉంటుంది, అది మారదు. కానీ ఇక్కడ సరస్సు ఒడ్డున ఉప్పు, సున్నపురాయి కలిసి సోడియం కార్బొనేట్ తయారవుతోంది. పూర్తిగా ఉల్టా.

ఎందుకు? ఎందుకంటే ఇక్కడ ఉప్పు కుప్పలు తెప్పలుగా ఉంది, సున్నపురాయి కూడా అంతే. తయారైన కార్బొనేట్ ఒడ్డుకి చేరి పక్కకి పోతోంది. అంటే రసాయన చర్య ఎటు నడవాలో చెప్పేది ఏ పదార్థాలు ఉన్నాయి అన్నది ఒక్కటే కాదు, ఎంత ఉన్నాయి అన్నది కూడా. బట్టల తొట్టి దగ్గర చేతులు కాల్చుకుని నేర్చుకున్న మాటే ఎడారిలో మళ్లీ ఎదురైంది. కైరోలోనే ఈ ఆలోచనని వ్యాసంగా చదివాడు. 1803లో దాన్ని రెండు సంపుటాల పెద్ద పుస్తకంగా తెచ్చాడు. మనం ఇంటర్‌లో చదివే రివర్సిబుల్ రియాక్షన్లు, ఈక్విలిబ్రియం, అన్నిటికీ విత్తనం అక్కడుంది. 1864లో నార్వేలో గుల్డ్‌బర్గ్, వాగె దాన్ని లెక్కల్లో పెట్టి మాస్ యాక్షన్ సూత్రం చేశారు.

తప్పు వైపు నిలబడి

ఇక్కడితో ఆపేస్తే మంచి విజయగాథ. కానీ జీవితాలు అలా ఉండవు.

ఎంత అన్న మాట మీద బెర్తొలేకి ఎంత నమ్మకం కుదిరిందంటే, దాన్ని పనిచేయని చోట కూడా వాడాడు. పదార్థాలు కలిసే పాళ్లు కూడా పరిస్థితిని బట్టి మారుతూ ఉండొచ్చు అన్నాడు. స్పెయిన్‌లో పనిచేస్తున్న ప్రూస్ట్ అనే ఫ్రెంచ్ కెమిస్ట్ ఒప్పుకోలేదు. ఒక సమ్మేళనం ఎక్కడ దొరికినా, ఎలా తయారుచేసినా దానిలో మూలకాల పాళ్లు ఒకటే అన్నాడు. కొన్నేళ్ల పాటు ఇద్దరూ పత్రికల్లో వాదించుకున్నారు, ప్రయోగాలకి ప్రయోగాలతో జవాబు చెప్పుకున్నారు. ఒకరినొకరు కించపరుచుకోలేదు. చివరికి ప్రూస్ట్ గెలిచాడు. అదే మన స్థిరానుపాత నియమం.

క్లోరిన్ విషయంలో కూడా అంతే. అందులో ఆక్సిజన్ ఉందని, బ్లీచింగ్ చేసేది ఆ ఆక్సిజనే అని నమ్మాడు. ప్రూసిక్ ఆమ్లంలో ఆక్సిజన్ లేదని చూపించి, ఆమ్లాలన్నిటిలో ఆక్సిజన్ ఉంటుందన్న లావోయిజియే మాటకి మొదట ఎదురు సాక్ష్యం తెచ్చింది తనే. అయినా తన సొంత గ్యాస్ దగ్గర ఆ అనుమానం రాలేదు. 1810లో లండన్‌లో హంఫ్రీ డేవీ అది ఒక మూలకమని తేల్చి, క్లోరిన్ అని పేరు పెట్టాడు.

ఇంతకీ ఓడిపోయిన వాడిగా బెర్తొలే ఎలా ప్రవర్తించాడన్నది చూడాలి. పారిస్ దగ్గర ఆర్కెయ్ అనే ఊళ్లో ఇల్లు కొని అందులో మంచి ల్యాబ్ పెట్టుకున్నాడు. పక్కిల్లు లాప్లాస్‌ది, మన మ్యాథ్స్ సిలబస్‌లో ట్రాన్స్‌ఫామ్‌తో కనిపించే లాప్లాసే. ఇద్దరూ కలిసి కుర్ర శాస్త్రవేత్తల్ని పోగుచేసి ఆర్కెయ్ సంఘం నడిపారు. వాళ్లలో గే లుసాక్ ఒకడు. ఇరవై దాటిన వయసులో పాలిటెక్నిక్ నుంచి వచ్చి బెర్తొలేకి సహాయకుడిగా చేరాడు. గురువుగారు ఒక ఫలితం వస్తుందని ఆశపడి ఒక ప్రయోగం అప్పజెప్పాడు. కుర్రాడు చేసి చూస్తే వచ్చింది దానికి వ్యతిరేకం. దాచకుండా అదే చూపించాడు. బెర్తొలే కోప్పడలేదు, ఇలాంటివాడే కావాలని సంతోషించి ఇంకా దగ్గరికి తీసుకున్నాడు. 1809లో గే లుసాక్ వాయువులు చిన్న పూర్ణ సంఖ్యల నిష్పత్తిలోనే కలుస్తాయని చూపించిన పేపర్ వచ్చింది కూడా ఆర్కెయ్ సంఘం సొంత పత్రికలోనే. అది గురువు వాదనకి దెబ్బ. గురువు ఇంటి నుంచే ప్రచురణ.

చివరి ఏళ్లు సుఖంగా గడవలేదు. నెపోలియన్ ఆయన్ని సెనేటర్‌ని చేశాడు, కౌంట్ బిరుదు ఇచ్చాడు. కానీ కొడుకు అమెదే, తను కూడా కెమిస్టే, చిన్న వయసులోనే ప్రాణం తీసుకున్నాడు. ఆ దెబ్బ నుంచి తండ్రి పూర్తిగా కోలుకోలేదు. ఆర్కెయ్ సమావేశాలు పల్చబడ్డాయి. 1822 నవంబర్ 6న అదే ఊళ్లో 73 ఏళ్ల వయసులో బెర్తొలే కన్నుమూశాడు. రెండేళ్ల తర్వాత, 1824లో, గే లుసాక్ బ్లీచింగ్ పౌడర్ ఘాటు కొలవడానికి నీలిమందు పద్ధతినే సరిచేసి, ఫ్యాక్టరీలు వాడుకునేలా ప్రచురించాడు. గురువు మొదలుపెట్టిన పనిలో మిగిలిన పని అది.

మీరు చేసి చూస్తే

సెలవుల్లో ఈ ప్రయోగం చేయాలనిపిస్తే పాత జీన్స్ ముక్కలు సరిపోతాయి. గాఢత ఒక్కటే మార్చండి, బట్టా టైమూ వేడీ మార్చకండి. ఉన్ని, పట్టు వద్దు, బ్లీచ్ వాటిని కరిగించేస్తుంది. చేతులకి గ్లౌజులు, కళ్లకి అద్దాలు, కిటికీ తెరిచి ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం, బ్లీచ్‌లో బాత్రూం ఆసిడ్ ఎట్టి పరిస్థితుల్లోనూ కలపకండి. అలా కలిపితే వచ్చేది షీలె తయారుచేసిన ఆ పసుపుపచ్చ గ్యాసే. చిన్న గదిలో అది ప్రాణం తీస్తుంది.

ఇంకోటి. రంగు చూసి టేబుల్ రాసేసి ఆపకండి. ఆరిన తర్వాత ప్రతి ముక్కనీ రెండు చేతులతో పట్టుకుని లాగి చూడండి. అన్నిటికన్నా తెల్లగా ఉన్న ముక్క ముందు చిరగవచ్చు. బెర్తొలే బట్ట విలువని తెలుపుతోనే కాదు, లాగితే నిలబడుతుందా అన్నదానితో కూడా కొలిచాడు. రికార్డ్ బుక్‌లో ఆ రెండో కాలమ్ కూడా ఉంటే బాగుంటుంది.